మడిచిన మూలలు

కుట్టుపని బల్ల, బైండింగ్ షాపు
జూన్ 4

వసపిట్టకి,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. ఈసారి ఆ వరస తిరగబడాలి. ఇది పూర్తయ్యేదాకా నువ్వు మధ్యలో అడ్డు రాలేవు. ఆ సంతోషం ఒక్కటే మిగిలింది నాకు.

నిన్న పొద్దున ఏడూ పదికి రేడియోలో నీ 'మాట పుట్టిల్లు' విన్నాను. షాపులో పుస్తకాలు కుట్టే ఆడవాళ్ళం నలుగురం. రేడియో కిటికీ గూట్లో ఉంటుంది. నువ్వు గొంతు సవరించుకుని ఎంతో తియ్యగా, "ఇంట్లో స్త్రీలు చేసే పని కాబట్టే దీనికి ఇస్త్రీ అని పేరు వచ్చింది. ఇది మా అన్నయ్య చీటీల్లోంచి" అన్నావు. నా చేతిలో సూది ఆగిపోయింది. వెనక నుంచి యజమాని నవ్వు వినిపించింది. "విన్నారా అమ్మా? పేరులోనే ఉందట, ఇక నన్నేం చెయ్యమంటారు!" అంటూ, అట్టలకి అంటించే గుడ్డల మూట తెచ్చి మా బల్ల మీద పడేశాడు. ఆ గుడ్డలు ఇస్త్రీ చేసే పని నిన్నటిదాకా ఇద్దరు మగవాళ్ళది. ఇప్పుడు మాది. కుట్టుపని తగ్గించాడా అంటే అదీ లేదు. నీ అయిదు నిమిషాల కబుర్లకి మాకు రోజూ రెండు గంటల చాకిరీ పెరిగింది.

ఇస్త్రీ అన్నది పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చిన మాట అనీ, వాళ్ళ భాషలో సాగదీయడం అనే మాటలోంచి పుట్టిందనీ మీ అన్నయ్యే నాకు చెప్పాడు. ఈ ఆడవాళ్ళ కథ లాండ్రీ అతను చెప్పింది. ఆ రోజు మీ అన్నయ్య ఇంటికొచ్చి పడీపడీ నవ్వాడు. ఆ నవ్విన మనిషి పేరు పెట్టి నువ్వు దాన్ని లోకానికి నిజమని చెప్పావు. చీటీ చదివావు సరే, చీటీని సరిగ్గా చూశావా?

మార్చిలో 'బేవార్సు' చెప్పిన రోజే నాకు ఒళ్ళు మండింది. నువ్వు చెప్పిందాంట్లో తప్పు లేదు. బే అంటే లేకుండా, వారసు అంటే వారసుడు. వారసుడు లేనివాడు అన్న మాట తిరిగి తిరిగి తిట్టుగా మారింది. నిజమే. కానీ పిల్లల్లేని మనిషి రాసిన చీటీ చేత్తో పట్టుకుని కిలకిలా నవ్వుతూ చదివావు. ఆ రోజు షాపుకి సెలవు, ఇంట్లో నేనొక్కదాన్నే కూర్చుని విన్నాను.

ఆయన పోయిన రెండు నెలలకి, డిసెంబరులో వచ్చి, "రెండ్రోజుల్లో తెచ్చిస్తా వదినా" అని ఆయన మాటల పుట్టుకలు రాసుకున్న చీటీల పెట్టె టాక్సీ ఎక్కించుకుపోయావు. నీ లెక్కలో రెండ్రోజులంటే ఆరు నెలలని ఇప్పుడు తెలిసింది. పెట్టె పంపు. కార్యక్రమం ఆపు.

నీ క్షేమం రోజూ రేడియోలో తెలుస్తూనే ఉంది కాబట్టి అడగడం లేదు.

వదిన


రికార్డింగ్ గది పక్క వరండా, రేడియో స్టేషన్
జూన్ 11

వదినకి,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది. రెండోసారి చదివితే నవ్వు రాలేదు. ముక్కు మీద కోపం నీకు కొత్త కాదు కానీ, ఈసారి అది ముక్కు దిగి వేళ్ళలోకి వచ్చినట్టుంది. కాగితం నాలుగుచోట్ల చిరిగింది.

ఒక్క అక్షరం కూడా నేను కల్పించలేదు. ఇస్త్రీ చీటీ ఇప్పుడు నా ముందే ఉంది. అన్నయ్య రాతే. 'ఇంట్లో స్త్రీలు చేసే పని కనుక ఇస్త్రీ.' కింద చిన్నగా 'విన్నది: లాండ్రీ' అని కూడా ఉంది. ఎవరు చెప్పారో కూడా రాసి పెట్టుకునే నిజాయితీ ఆయనది. నేనెలా అనుమానిస్తాను? నీకేమో ఒకటి చెప్పాడు, చీటీ మీద ఇంకొకటి రాశాడు. ఆ తగవు ఆయనతో పెట్టుకోవాలి, నాతో కాదు. బేవార్సు రోజు నేను నవ్విన మాట నిజం. ఎదురుగా మైకు తప్ప ఇంకేమీ కనిపించదు వదినా. నువ్వు వింటున్నావన్న ధ్యాస లేకపోయింది. దానికి మాత్రం క్షమించు.

ఇక నీ కోపం చల్లారే కబురు చెబుతాను. చీటీలన్నీ పుస్తకంగా వస్తున్నాయి! ఒక ప్రచురణకర్త స్వయంగా స్టేషన్‌కి వచ్చి అడిగాడు. అట్ట మీద అన్నయ్య పేరు. నా పేరు లోపల చిన్నగా 'సేకరణ' అని ఉంటుందంతే. బడుల్లో లైబ్రరీలకి కూడా తీసుకుంటారట. ముప్పై నాలుగేళ్ళు ప్రెస్సులో కూర్చుని ఎవరెవరి పుస్తకాలకో ప్రూఫులు దిద్దిన మనిషి పేరు, మొదటిసారి ఒక పుస్తకం మీద పడబోతోంది. ఆగస్టులో అచ్చు. నీకు సర్‌ప్రైజ్‌గా చెబుదామనుకున్నాను, చెప్పించేశావు.

పెట్టె సంగతి బెంగపడకు. నీ దగ్గర ఉన్నప్పటికంటే భద్రంగా ఉంది. తెచ్చిన రోజు చూస్తే ఎన్ని చీటీలకి మూలలు మడిచి ఉన్నాయో, కుక్క చెవుల్లా! ఒక్కొక్కటీ తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి సాపు చేశాను. నెల రోజులు పట్టింది. మళ్ళీ మడతపడకుండా మూలలు గుండ్రంగా కత్తిరించే చిన్న యంత్రం ఉంటుంది కదా, దాంతో నాలుగు మూలలూ కత్తిరించి ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టాను. పదకొండు వందల నలభై చీటీలు. ఇప్పుడు చూస్తే నువ్వే మెచ్చుకుంటావు. నీ పనితనం ముందు నాది ఎంత అనుకో.

ఒక్కసారి నవ్వుతూ రాయి.

నీ వసపిట్ట


కుట్టుపని బల్ల, బైండింగ్ షాపు
జూన్ 15

నువ్వు సాపు చేశావా?

కత్తిరించావా?

నీ ఇస్త్రీ పెట్టె కాలిపోను! ఆ మడతలే మీ అన్నయ్య తీర్పు. తెలుసా నీకు? అడిగావా నన్ను? ఒక్క మాట, ఒకే ఒక్క మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?

విను. ఆయన ఎక్కడ ఏ మాట పుట్టుక విన్నా, ఎందులో చదివినా, ముందు చీటీ మీద రాసేవాడు. తరవాత నెలల తరబడి నిఘంటువులు తిరగేసి వెతికేవాడు. నిలబడితే చీటీ అలాగే ఉంచేవాడు. నిలబడకపోతే కుడివైపు పైమూల గోరంత మడిచేవాడు. చింపడు, కొట్టెయ్యడు, తప్పు అని రాయడు. పగలంతా ప్రెస్సులో ఎర్ర సిరాతో తప్పులు దిద్దే మనిషి, ఎర్ర సిరా ఇంట్లోకి తెచ్చుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. అందుకే మడత. కుర్చీ చీటీ గుర్తుందా? 'కూర్చునేది కనుక కుర్చీ' అని టీ కొట్టులో విన్నది. అది అరబ్బీ మాట. మడిచాడు. చిరునామా అంటే చిన్నపేరు అనుకుంటారు అందరూ, ఒక మేష్టారి పుస్తకంలోనూ అలాగే ఉంది. అది పారశీకం నుంచి వచ్చింది, ఉత్తరం తలమీద రాసేది అని అర్థం. మేష్టారి పుస్తకంలోదైనా మడిచాడు. ఎవరు చెప్పారన్నది కాదు, నిలబడుతుందా లేదా అన్నదే ఆయన లెక్క. ఆ రెండూ నువ్వు ఏప్రిల్‌లో గొంతు తిప్పుకుంటూ చెప్పేశావు.

ఇప్పుడు పదకొండు వందల నలభైలో ఏది నమ్మాడో ఏది నమ్మలేదో చెప్పే గుర్తు ఈ భూమి మీద లేదు. మడత విప్పినా దాని గుర్తు కాగితంలో ఉంటుంది, ఎంత ఇస్త్రీ చేసినా గోటితో తడిమితే నేను కనిపెట్టగలను. నా పనే అది. కానీ నువ్వు ఆ మూలే కోసి పారేశావు. ఆ చీటీలు మా షాపులో మిగిలిన అట్టముక్కల్లోంచి ఒక్కొక్కటీ నా చేత్తో కొలిచి కోసి ఇచ్చినవి. వాటిమీద కత్తెర పెట్టడానికి నువ్వెవరు?

ఆయన జీవితంలో ఒక్క అచ్చుతప్పు పోనివ్వలేదు. నువ్వు ఆయన పేరు పెట్టి ఆయన కాదన్న ప్రతి మాటా పిల్లల చేతికి ఇవ్వబోతున్నావు. పుస్తకం ఆపు. ఆపానని రాస్తేనే నీ ఉత్తరం విప్పుతాను.

వదిన


వరండా, రేడియో స్టేషన్
జూన్ 27

గౌరవనీయులైన వదినగారికి,

మీరు రాద్ధాంతం చేస్తున్నారని రాయడానికే కూర్చున్నాను. ఆ మాటకి కూడా అన్నయ్య చీటీ ఉంది. ఒకప్పుడు సంస్కృతంలో రాద్ధాంతమంటే రుజువై నిలబడిన తీర్మానమట, ఇప్పుడు మనం ఉత్తి గోలకి వాడుతున్నాం. మీది గోల అనుకున్నాను. పది రోజులు లైబ్రరీలో కూర్చుని చూశాక, రుజువైన తీర్మానమే అని తేలింది. అందుకే నాకు ఇంత కోపంగా ఉంది.

తప్పు నాదే. అడగలేదు, సాపు చేశాను, కోశాను. ఒప్పుకున్నాను. ఇప్పుడు మీ వంతు.

కార్యక్రమం మొదలైంది ఫిబ్రవరిలో. రెండో వారంలోనే 'బొత్తాం' చెప్పాను. కాగితాల బొత్తి జారకుండా బిగించేది కాబట్టి దానికి బొత్తాం అని పేరొచ్చిందని. నిన్న నిఘంటువు చూశాను. అది పోర్చుగీసు మాట. బొత్తికీ బొత్తాంకీ ఏ చుట్టరికమూ లేదు. అంటే ఆ చీటీ మడిచే ఉండాలి. మీకు తెలిసే ఉండాలి. మరి ఆ వారం మీరు నాకేం రాశారో గుర్తుందా? కార్డు నా దగ్గరే ఉంది. 'బొత్తాం చాలా బాగుంది. షాపులో అందరం విన్నాం. ఇలాగే చెప్పు' అని రాశారు.

ఇలాగే చెప్పు!

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. నాలుగు నెలలు నేను గోతిలో దిగుతుంటే పైనుంచి చూస్తూ కూర్చున్నారు. ఇస్త్రీ మూట మీ బల్ల మీద పడేదాకా మీకు మా అన్నయ్య పరువు గుర్తు రాలేదు. పెట్టె తీసుకెళ్ళానన్న కక్షతో, నా నోటితోనే నన్ను నవ్వులపాలు చెయ్యాలనుకున్నారా? అదే అయితే చెప్పండి, తెలుసుకుని ఊరుకుంటాను.

పుస్తకం ఆపను. ప్రచురణకర్తతో మాట్లాడాను. "ఎవరు సరిచూస్తారండీ, కథ బాగుంటే చాలు" అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. కానీ ఇది పోతే అన్నయ్య పేరు మీద ఇంకేం మిగులుతుంది? ఎవరెవరి పుస్తకాల్లోనో రాకుండా చేసిన తప్పులు. వాటిని ఎవరు చూస్తారు? చిన్నప్పటి నుంచీ నేను ఏం మాట్లాడినా "వసపిట్టా, కాస్త ఊరుకో" అనేవాడే తప్ప, ఒక్కనాడు బాగుంది అనలేదు. ఆయన మాటలే నా గొంతుతో చెబితే జనం బాగుందన్నారు. ఆ ఒక్కటీ నన్ను వదులుకోమంటున్నారు మీరు.

ఫిర్యాదు అంటే పారశీకంలో ఏడుపు అని అర్థమట. ఇది నా ఫిర్యాదు.

మీ ఆడపడుచు


కుట్టుపని బల్ల, బైండింగ్ షాపు
జూలై 9

వసపిట్టకి,

నీ ఉత్తరం విప్పకూడదనుకున్నాను. విప్పాను. పది రోజులు నీ మీద పళ్ళు నూరుతూనే ఉన్నాను. నువ్వన్నది నిజం కాబట్టే అంత కోపం వచ్చిందని నిన్న అట్టలు కోస్తుంటే తెలిసింది. వేలు కూడా తెగింది. ఇది చెప్పకపోతే ఇంకా ఏం తెగుతుందో.

బొత్తాం కథ నాది.

చీటీ కింద ఏం రాసి ఉందో చూడు. 'విన్నది: ఇంట్లో' అని ఉంటుంది. ఇంట్లో అంటే నేను. పెళ్ళయిన కొత్తలో ఆయన సాయంత్రం రాగానే మాటల గురించి చెప్పేవాడు. నాకు చదువు తక్కువ. ఊరికే వినడం నాకు చేతకాదు, నీకు తెలుసు. నేనూ ఆలోచించేదాన్ని. రోజంతా కాగితాల మధ్య కూర్చుంటాను, చేతులు పని చేస్తుంటే బుర్ర ఖాళీగా ఉంటుంది. ఒకరోజు బొత్తి బిగిస్తుంటే బొత్తాం అక్కడి నుంచే వచ్చిందేమో అనిపించింది. సాయంత్రం చెప్పాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "అవునా? రాసుకుంటానుండు" అన్నాడు. వెంటనే చీటీ తీశాడు. ఆ రోజు నేను పడ్డ సంబరం నీకెలా చెప్పను? నిఘంటువులు రాసే పండితుల వరసలో కూర్చోబెట్టినట్టే అయింది.

ఇక ఆగానా! అలమార అంటే పుస్తకాలు అలా మారకుండా ఉంచేది అన్నాను. రాసుకున్నాడు. తట్టినప్పుడల్లా, ఏడాదికి ఒకటో రెండో. ఇరవై ఏడేళ్ళు చెప్పాను. ఒక్కసారి కూడా కాదనలేదు. తలూపేవాడు, చీటీ తీసేవాడు, నా మాటని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. మడతలుండేవని తెలుసు, ఎవరివో పిచ్చి ఊహలకి పెట్టేవాడని తెలుసు. నా చీటీలు ఎప్పుడూ తీసి చూడలేదు. ఎందుకు చూస్తాను? అంత నమ్మకం.

నిరుడు సెప్టెంబరులో కొత్తగా కోసిన అట్టముక్కలు పెట్టెలో పెడుతుంటే అలమార చీటీ బయటికొచ్చింది. మూల మడిచి ఉంది. పక్కన బొత్తాం. అదీ మడిచి ఉంది. ఇంకో రెండు చూశాను. ఆపైన చూడలేదు. పెట్టె మూసేశాను.

ప్రెస్సు నుంచి రాగానే అడిగాను. "ఎన్నేళ్ళ నుంచి?" అన్నాను. తల దించుకుని, "మొదటి నుంచీ" అన్నాడు. "మరి నాతో ఎందుకనలేదు?" అన్నాను. "నీ మనసు నొప్పించడం ఎందుకని" అన్నాడు.

మనసు నొప్పించడం ఎందుకనట! ప్రెస్సులో పెద్ద పెద్ద రచయితల మొహం మీద "ఇది తప్పండీ" అనేవాడు. వాళ్ళు కేకలేస్తే తిరిగి వాదించేవాడు. వాళ్ళని తనతో సమానం అనుకున్నాడు కాబట్టి తప్పు అన్నాడు. నాతో అనలేదు. చంటిపిల్ల గోడమీద గీసిన బొమ్మ చూసినట్టు నన్ను చూశాడు. మర్యాద అంటే మొదట్లో హద్దు అని అర్థమని ఆయనే చెప్పాడొకసారి. ఆయన నాకిచ్చిన మర్యాద అలాంటిదే. నన్ను హద్దు అవతల కూర్చోబెట్టి నవ్వుతూ తలూపాడు.

పదకొండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. వండి బల్ల మీద పెట్టాను, మాట మాత్రం లేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం ప్రెస్సు నుంచి కబురొచ్చింది, ప్రూఫు మీద తల వాల్చాడని. నేను వెళ్ళేసరికే అయిపోయింది. నువ్వు వచ్చి నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, "ఏడవదేమిటి ఈవిడ" అని అందరూ అనుకున్నారు. నాకు ఇంకా కోపం తీరలేదు. చచ్చిపోయినవాడితో పోట్లాట ఎలా ముగించాలో నాకెవరూ చెప్పలేదు.

అందుకే నువ్వు పెట్టె అడిగితే ఇచ్చేశాను. మడత సంగతి కావాలనే చెప్పలేదు. నిన్ను గోతిలో దించాలని కాదు. ఆ మడతలు ఎవరూ చదవకూడదని. ఫిబ్రవరిలో నా బొత్తాం రేడియోలో వచ్చింది. "మా అన్నయ్య చీటీల్లోంచి" అన్నావు. పక్క బల్లవాళ్ళు, "ఎంత బాగుందో" అన్నారు. నా మాట మొదటిసారి మడత లేకుండా విన్నాను. అది తప్పని తెలిసీ పొంగిపోయాను. ఇంకోటి వస్తుందేమోనని రోజూ ఏడూ పదికి చెవులు రిక్కించుకు కూర్చున్నాను. నాలుగు నెలలు నేను పోనిచ్చింది ఆయన పరువే. నీ పరువు సంగతి నాకు తట్టనే లేదు.

తరవాత ఇస్త్రీ వచ్చింది. తప్పుకి బరువుంటుందని, అది ఎవరో ఒకరి బల్ల మీద మూటలా పడుతుందని అప్పుడు తెలిసింది. అప్పుడు కూడా నిజం చెప్పకుండా నీ మీద విరుచుకుపడ్డాను.

ఇప్పుడు చెబుతున్నాను. పుస్తకంలో నా కథలు ఉండడానికి వీల్లేదు. బడికెళ్ళే పిల్ల అలమార అంటే అలా మారకుండా ఉంచేది అని రాసి సున్నా తెచ్చుకుంటే, ఆ సున్నా నాది. ఆయన మీద నా కోపం నాది, అది పిల్లల మీద తీర్చుకోను. నువ్వు నీ చప్పట్లు వదులుకోవాలి, నేను నా బొత్తాం వదులుకోవాలి. రేడియోలో చెప్పు. మూలలు ఎవరు కోశారో చెప్పు, తెలిసి ఎవరు నోరు మూసుకున్నారో అదీ చెప్పు. నన్ను కాపాడావంటే ఊరుకోను.

వదిన


లైబ్రరీ, చదువుకునే గది
జూలై 30

వదినా,

నీ ఉత్తరం నాలుగు రోజులు సంచీలో పెట్టుకు తిరిగాను. మొదటి రోజు నీ మీద కోపం. రెండో రోజు అన్నయ్య మీద. మూడో రోజు అద్దంలో కనిపించిన మనిషి మీద. నాలుగో రోజు ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళాను.

"సరిచూసేదాకా ఆపండి" అన్నాను. "ఎంతకాలం?" అన్నాడు. "ఏడాది పట్టొచ్చు" అన్నాను. "అప్పటికి మీ కార్యక్రమం ఎవరికి గుర్తుంటుందమ్మా? ఇప్పుడైతే ఇప్పుడు, లేకపోతే లేదు" అన్నాడు. "లేకపోతే లేదు" అని నేనూ అన్నాను. ముసాయిదా నా చేతికిచ్చేశాడు. ముసాయిదా అంటే అరబ్బీలో నల్లబడినది అని అన్నయ్య రాశాడు. సరిచూశాను, నిజమే. నేను తప్పులు కొట్టేస్తూ పోతే ఇప్పుడది నిజంగానే నల్లబడింది.

గురువారం నాడు, ముందే రికార్డు చేసి ఉంచింది పక్కన పెట్టి నేరుగా మాట్లాడాను. నువ్వు విన్నావో లేదో తెలియదు కాబట్టి రాస్తున్నాను. "ఈ కార్యక్రమంలో చెప్పిన మాటల్లో చాలావాటిని మా అన్నయ్య నమ్మలేదు. నమ్మలేదని గుర్తు పెట్టుకున్నాడు. ఆ గుర్తులు అందంగా లేవని నేను కోసి పారేశాను. ఆయన తప్పు చెప్పలేదు, నేను చెప్పాను" అన్నాను. తరవాత ఇస్త్రీ, కుర్చీ, చిరునామా, బొత్తాం ఒక్కొక్కటీ చెప్పి, ఇది ఇలా కాదు, ఇలా, అన్నాను. నీ సంగతి కూడా చెప్పాను. "ఇది తప్పని తెలిసిన మా వదిన నాలుగు నెలలు నోరు మెదపలేదు. ఇప్పుడు చెప్పమన్నది కూడా ఆవిడే" అన్నాను. గాజు తలుపు అవతల స్టేషన్ అధికారి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఊపనీ అనుకున్నాను.

బయటికి రాగానే, "మేడం, జనం నమ్మకం పోగొట్టారు" అన్నాడు. "నిన్నటిదాకా పోగొట్టిందీ నేనే. ఇవాళే కదా చెప్పింది" అన్నాను. సోమవారం నుంచి ఆ అయిదు నిమిషాల్లో వాతావరణ విశేషాలు.

ఒక్క సంగతి దాచను. ఏడ్చాను. ఎందుకంటే ఆ రోజు నేను బాగా మాట్లాడాను వదినా. ఎన్నడూ లేనంత బాగా. బాగుందనడానికి అక్కడెవరూ లేరు.

ఇప్పుడు రోజూ ఇక్కడికి వచ్చి చీటీలు సరిచూస్తున్నాను. 'విన్నది: ఇంట్లో' అన్నవన్నీ ముందు ఏరాను. ముప్పై మూడు ఉన్నాయి. ముప్పై రెండు నిలబడవు. ఒక్కటి నిలబడింది. గ్రంథం. ప్రతి కట్టా కుట్టి చివర ముడి వేస్తావు కదా, గ్రంథం అన్న మాట ఆ ముడిలోంచే వచ్చి ఉంటుందని నువ్వన్నావట. సంస్కృతంలో ఆ ధాతువుకి కట్టడం, ముడివేయడం అనే అర్థం. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఆయన ఆ మూల మడిచి ఉండడు. ఇది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆ ఒక్కటీ తలుచుకుని మిగతా ముప్పై రెండూ మరిచిపో.

నీ వసపిట్ట


కుట్టుపని బల్ల, బైండింగ్ షాపు
ఆగస్టు 5

వసపిట్టకి,

విన్నాను. షాపులో సూదులన్నీ ఆగిపోయాయి. నా సంగతి వచ్చినప్పుడు అందరూ నా వైపు తిరిగారు. నేను తల దించలేదు. నువ్వు మాట్లాడడం అయిపోగానే గుడ్డల మూట తీసుకెళ్ళి మగవాళ్ళ బల్ల మీద దభీమని పడేశాను. "ఏమిటమ్మా ఇది?" అన్నాడు యజమాని. "పోర్చుగీసు వాళ్ళ పని, మాది కాదట" అన్నాను. నవ్వలేక కోప్పడలేక లోపలికి పోయాడు. మూట మళ్ళీ మా బల్లకి రాలేదు.

బాగా మాట్లాడావు. ఇది నీ మనసు కోసం రాస్తున్నది కాదు. నడుమ రెండుసార్లు తొట్రుపడ్డావు, చిరునామా గురించి చెప్పింది సగమే, అయినా బాగా మాట్లాడావు.

ఇక నీ చివరి పేరా. అది చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై రెండు తప్పులు ఒక్క గుక్కలో మింగేసి, ఒక్క నిజం తీసి నా చేతిలో మిఠాయిలా పెడతావా? మరిచిపోమంటావా? అచ్చం మీ అన్నయ్య చెల్లెలివే. నా మనసు నొప్పించకుండా బతకడం మీ ఇంటి జబ్బా?

ఓదార్పు నాకొద్దు. ఆదివారం పెట్టె తీసుకుని రా. తొడుగులన్నీ పీకేసి రా. పదకొండు వందల నలభై చీటీలు మనిద్దరం తేలుద్దాం, ఏడాది పట్టినా రెండేళ్ళు పట్టినా. కానీ ముందు ఆ ముప్పై రెండు. ఒక్కొక్కటీ తీసి, నా ఎదురుగా కూర్చుని, నా మొహం చూస్తూ తప్పు అను. ఎందుకు తప్పో చెప్పు. నేను ఒప్పుకోను. అరుస్తాను. నువ్వూ అరవాలి. గొంతు తగ్గించావో, పోనీలే వదినా అన్నావో, గుమ్మం దాటనివ్వను. ఇరవై ఏడేళ్ళుగా మా ఇంట్లో జరగవలసిన పోట్లాట అది.

వదిన